కొత్తగా మెరిసిన పాత బిళ్ళ

గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు నాకు తాయిఫ్‌లో పని దొరికింది. రాస్తున్నావా? పనంటే ఆఫీసులో కుర్చీ కాదు. పాత మిలిటరీ జీపులకు కాన్వాస్ టాపులు, సీట్లు కుట్టడం. మీ దాదా, అంటే నా ఇంటాయన, ఆ జీపులు బాగుచేసే షెడ్డుకు సూపర్‌వైజరు. కడపలో నేను టైలరింగ్ చేసేదాన్నని ఆయన కఫీల్ చెవిన వేశారు. కఫీల్ అంటే మన వీసాకు యజమాని. మన పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంటుంది, మన సెలవు ఆయన సంతకంలో ఉంటుంది.

షెడ్డుకూ మా క్వార్టరుకూ మధ్య ఒక ఇనుప తలుపు. మగవాళ్ళ మధ్య కూర్చుని ఆడది పనిచేసే వీలు అప్పట్లో లేదు. చిరిగిన పాత టాపు కొలత కోసం అటునుంచి వచ్చేది, కుట్టిన కొత్తది ఇటునుంచి వెళ్ళేది. అందుకే ఆ షెడ్డును నేను కళ్ళతో చూసింది తక్కువ, తలుపు వెనక నుంచి విన్నది ఎక్కువ.

బండ్లు హర్రాజులో, అంటే వేలంలో, కొనేవారు. మన కడపలో అనే మాటే, అక్కడా అదే. యుద్ధం తర్వాత సైన్యాలు వదిలేసిన సామానుతో పాటు, షేకుల తోటల్లో ఏళ్ళుగా ఎండిన పాత ఫోర్‌వీల్ జీపులు కూడా బయటికొచ్చాయి. వాటిని విప్పి, తుప్పు గీకి, మళ్ళీ నడిచేలా చేసి, సరదా ఉన్నవాళ్ళకు అమ్మడం మా కఫీల్ వ్యాపారం.

ఆ వ్యాపారంలో ఎవరూ ఎవరినీ నమ్మేవారు కాదు. కొనేవాడు గుడ్డలో చుట్టిన అయస్కాంతం తెచ్చి బాడీ అంతా తడిమేవాడు. అది పట్టకపోతే లోపల పుట్టీ పూశారన్నమాట. మంచి కార్బురేటరు తీసి పనికిరానిది పెడతారేమోనని కఫీల్ మా మెకానిక్కులనే అనుమానించేవాడు. నా టాపులు దారిలో మారిపోతాయని నేను ప్రతి టాపు మడతలోపల ఒక ఎర్రదారం కుట్టేదాన్ని. దొంగ బండ్లకు దొంగ నంబర్లు కొట్టి అమ్ముతున్నారని, పోలీసులు షెడ్లు వెతుకుతున్నారని బజారంతా ఒకటే మాట.

అలాంటి రోజుల్లో మా దగ్గరికొక పాత ఆర్మీ జీపు వచ్చింది. దాని డాష్‌బోర్డు మీద అరచేయంత ఇత్తడి బిళ్ళ. బండి తయారైన ఏడు, నంబరు దాని మీద చెక్కి, అక్షరాల్లో నల్లరంగు నింపి ఉంటుంది. ఆ నంబరు, ఛాసీ మీద గుద్దిన నంబరు ఒకటైతేనే ఇస్తిమారా, అంటే రిజిస్ట్రేషన్ కార్డు, చేతికొస్తుంది. పాత బండికి ఆ బిళ్ళే ప్రాణం.

జీపు పని మొత్తం రాజయ్యది. జగిత్యాల వైపు మనిషి, నన్ను అక్కా అనేవాడు. మూడేళ్ళుగా ఇంటి ముఖం చూడలేదు. ఊళ్ళో ఇంటికి స్లాబు వేస్తున్నారని, ఈ జీపు అప్పగించగానే బయలుదేరతానని తలుపు దగ్గర రోజూ అదే పాట. "నేను లేకుంటె మేస్త్రి సిమెంటు మింగుతడక్కా, ఇసుక పోసి ఊకుంటడు" అనేవాడు. సెలవుకు వెళ్ళిరావడానికిచ్చే అతని ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం మీద కఫీల్ సంతకం ఒక్కటే బాకీ.

కొనడానికొచ్చినవాడు రాస్ తనూరా రిఫైనరీలో పనిచేసే తెల్ల ఇంజనీరు. అంతకు ముందు ఒకసారి వచ్చి ఇంజను విని, కింద దూరి చూసి, బిళ్ళ కూడా చూసి ఖాయం చేసుకుని వెళ్ళాడు. రెండోసారి బండి తీసుకెళ్ళడానికి వచ్చాడు. డోరు తీసి డాష్‌బోర్డు చూశాడో లేదో, వెనక్కి అడుగేశాడు.

బిళ్ళ కొత్త బంగారంలా మెరుస్తోంది. అక్షరాల్లో నలుపు లేదు.

ఇది నేను చూసిన బిళ్ళ కాదు, దీన్ని ఈ మధ్యే చేయించారు అన్నాడు. ఛాసీ చూడమన్నారు మీ దాదా. ఛాసీకి మీరే రంగు వేశారు, ఆ నంబరూ మీరే గుద్ది ఉంటారు అన్నాడు ఇంజనీరు. బండి దొంగదైతే నేను జైలుకు వెళ్ళాలా అని అడిగాడు.

కఫీల్ నేరుగా రాజయ్యను పట్టుకున్నాడు. అసలు బిళ్ళ మార్చి ఎవరికి అమ్మావని అడిగాడు. రాజయ్య తల అడ్డంగా ఊపాడు. ఏమీ మార్చలేదన్నాడు. కఫీల్ జేబులోంచి అతని సెలవు కాగితం తీసి, చూపించి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. బిళ్ళ దొరికేదాకా నువ్వు కదిలేది లేదన్నాడు, లేదంటే పోలీసులకే అప్పగిస్తానన్నాడు.

మీ దాదా ఇంట్లోకొచ్చి నీళ్ళు తాగారు.

"రాజయ్యే అంటావా?" అన్నాను.

"వాడు తప్ప ఆ డాష్‌బోర్డు ఎవరు ముట్టినారు? నాకేం తెలీదు. నువ్వు తలుపు దగ్గరికి రావాకు."

నాకూ రాజయ్య మీదే అనుమానం. ఇంటికి వెళ్ళేవాడికి ఆశ పుట్టదా? అప్పుడు నా కన్ను సింకులో ఉన్న స్టీలు గిన్నె మీద పడింది. ముందురోజు రాజయ్య తలుపు తట్టి కాస్త చింతపండు అడిగితే, చారుకేమో అనుకుని ఆ గిన్నెలో వేసిచ్చాను. పొద్దున తిరిగొచ్చింది. అంచు చుట్టూ పచ్చటి చిలుము, అడుగున నల్లటి ఇసుక. చారు కాచిన గిన్నెకు చిలుమెందుకు పడుతుంది?

మీ దాదా వద్దంటున్నా తలుపు ఓరగా తీశాను.

"ఏమప్పా రాజయ్యా, నిన్న నా చింతపండుతో ఏం చేసినావు?"

"బిళ్ళ తోమిన అక్కా."

"ఏం బిళ్ళ?"

"గా జీపుదే. సాబు బండి తీస్కపోతుండు గద, నల్లగ మాసి ఉంటె మంచిగుంటదా? చింతపండు, ఉప్పు, ఇంత ఇసుక ఏసి తోమిన. దసరకు మా ఇంట్ల ఇత్తడంత గట్లనే తోముతం."

"మరి ఏమీ చేయలేదని కఫీల్‌కు చెప్తివి గదా!"

"మార్చినవా అని అడిగిండు. నేనెందుకు మారుస్తనక్కా? తోముడు గూడ ఒక తప్పా?"

మీ దాదా నుదురు కొట్టుకున్నారు. వెళ్ళి ఇద్దరికీ అరబ్బీలో, ఇంగ్లీషులో చెప్పారు. ఇద్దరూ నమ్మలేదు. పట్టుబడ్డాక చెప్పే కథలా ఉంది అన్నాడు కఫీల్. నిజం చెప్పాలంటే తలుపు వెనక నాక్కూడా అది కథలాగే వినిపించింది. తోమితే అక్షరాల్లో రంగంతా పోతుందా?

ఇంజనీరే ఒక ఉపాయం చెప్పాడు. బిళ్ళ వెనకవైపు చూపించమన్నాడు. నాలుగు రివెట్లు డ్రిల్లుతో తీసి బిళ్ళను ఊడదీశారు. ముందువైపు ఎంత మెరుస్తోందో, వెనకవైపు అంత మాసి ఉంది. సైన్యంలో ఏళ్ళ తరబడి వేసిన రంగులు అంచులనుంచి లోపలికి కారి పొరలు పొరలుగా ఉన్నాయి. అడుగున పచ్చ, దాని మీద ఇసుక రంగు, చిలుము. డాష్‌బోర్డు మీద కూడా అంతే మేర మరక. బిళ్ళ ఆ చోటునుంచి ఎన్నడూ లేవలేదు. ఇంజనీరు దాన్ని ఎండలో చాలాసేపు తిప్పి చూశాడు.

బిళ్ళ అసలుదేనని ఒప్పుకున్నాడు. బండి మాత్రం తీసుకోలేదు. నాకు కావలసింది వయసు కనిపించే బండి, వయసు మీరు కడిగేశారు అని చెప్పి వెళ్ళిపోయాడు.

కఫీల్ కోపంతో ఊగిపోయాడు కానీ, తప్పు లేదని తేలిన మనిషిని ఆపలేకపోయాడు. సంతకం పెట్టాడు. రాజయ్య వెళ్ళాడు. ఆ జీపు మాత్రం చాలాకాలం షెడ్డులోనే ఉండి, చివరికి అలాంటి పట్టింపులేవీ లేని ఒక తోట యజమానికి పోయింది.

సెలవు ముగిసి తిరిగొచ్చిన రోజు రాజయ్య ఇనుప తలుపు తట్టి పెద్ద చింతపండు ముద్ద అందించాడు.

"గిది కూరకే అక్కా, కసమ్."

"స్లాబు ఎట్లుంది?"

"మంచిగనే ఉంది. కని మేస్త్రిని ఇంక నమ్మలేదు. గోరుతోని గీకి గీకి చూసిన."

ఆ ఒక్క జీపుతో షెడ్డులో రెండు పద్ధతులు మారాయి. ఏమైనా తేడా వస్తే పనివాణ్ణి "ఏం మార్చావు" అని కాక "నిన్నటినుంచి ఏమేం ముట్టుకున్నావు" అని మీ దాదా అడిగేవారు. ఇక నేను, ఏ బండి వచ్చినా టాపు కొలతలకంటే ముందు దాని బిళ్ళ కొలత తెప్పించుకుని, నాలుగు మూలలా నాడాలు పెట్టి ఒక గుడ్డ ముసుగు కుట్టి పంపేదాన్ని. బండి అమ్ముడుపోయాక, కొన్నవాడి చేతులతోనే ఆ నాడాలు విప్పించేవాళ్ళం.