జైల్లో చూసిన రేసు సినిమా

ఆ సినిమా పేరేమిటో నాకిప్పటికీ తెలీదు. మేం టీవీ ముందు చేరేసరికే పేర్లు పడిపోయాయి. ఇంగ్లీషు సినిమాకి తెలుగు మాటలు అతికించారు. ఏదో రాబోయే కాలమట, దేశమంతా పాడైపోయిందట. జైల్లో ఉన్న ఖైదీలకి ఇనప రేకులు కొట్టిన కార్లు ఇచ్చి, ఒకర్నొకరు గుద్దుకుని చచ్చేలా పందేలు పెడతారు. గెలిచినవాడికి విడుదల. ఓడినవాడు రోడ్డు మీదే పోతాడు. అదంతా టీవీలో వస్తుంటే జనం ఇళ్లల్లో కూర్చుని, తింటూ తాగుతూ చూస్తుంటారు.

మేం చూసింది కూడా జైల్లోనే. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక హాల్లో టీవీ పెట్టేవారు. నలభై మందిమి నేల మీద కూర్చుని, మెడలు పైకెత్తి, ఎక్కడో ఖైదీలు చచ్చిపోతుంటే ఈలలు వేశాం. అందరితో కలిపి వేశాం అనడం ఎందుకు, నేను వేయలేదు. కానీ సినిమా మొదలైన పది నిమిషాలకే అందరి చూపూ నా మీద పడింది. ఆ హాల్లో డ్రైవర్ని నేనొక్కణ్ణే మరి.

"ఒరే ఆటో! నీకా బండిచ్చీస్తే రేపే విడుదల కదరా!" అన్నాడొకడు.

"ఆడికి కారెందుకెహే, ఆటో సాలు. ఆటోతోనే..." అని ఇంకొకడు అందుకుని, సగంలో మింగేశాడు.

వాడు సగం మింగినా నాకు మొత్తం వినపడింది. ఒళ్లు మండిపోయింది. లేచి ఒక్కటిద్దామనిపించింది. కానీ వాడన్నదాంట్లో అబద్ధమేముంది గనక కొట్టడానికి? ఆటో తోలి మనిషిని చంపినందుకే నేనక్కడున్నాను. ఆ మనిషి మా బావ, మా అక్క మొగుడు.

అక్కని మా వైపు అప్ప అంటాం. నా చిన్నప్పుడే అమ్మా నాన్నా పోతే, నాకంటే తొమ్మిదేళ్లు పెద్దదైన మా అప్పే నాకు అన్నం పెట్టింది, తలకి నూనె రాసింది, బడి ఎగ్గొడితే వీపు చీరేసింది. పెళ్లయి అత్తారింటికి వెళ్తూ నన్నూ వెంటబెట్టుకు వెళ్లింది. కొత్త పెళ్లికూతురు సారెతో వస్తుందిగానీ తమ్ముడితో రావడమేంటని అక్కడివాళ్లు నవ్వితే, మా బావ నన్ను భుజానికెత్తుకుని, "సారెలో అన్నిటికన్నా బరువైంది ఈడేరా, అందుకే నానే మోస్తన్నాను" అన్నాడట. ఆ ఇంట్లో నేను పరాయివాణ్ణని ఒక్క పూట కూడా నాకు అనిపించలేదు. అలా అనిపించకుండా చూసింది బావే.

బావకి గజపతినగరం రోడ్డు మీద సర్వీసు ఆటో ఉండేది. పల్లెల నుంచి జనాన్ని ఎక్కించుకుని టౌనుకి, టౌను నుంచి మళ్లీ పల్లెలకి. నాకు పద్దెనిమిది నిండగానే నూర్పులైపోయిన కళ్లంలోకి ఆటో తెచ్చి, నన్ను సీట్లో కూర్చోబెట్టి, గుండ్రంగా తిప్పించి తిప్పించి నేర్పాడు. క్లచ్చి వదలడం చేతకాక నేను పోయి గడ్డికుప్పని గుద్దితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "పోన్లేరా, గడ్డికి తగిల్తే పరవాలేదు, మనిసికి తగలకుండా సూసుకో" అన్నాడు. రెండేళ్లకి నేనూ ఒక ఆటో పట్టాను. అదే రోడ్డు మీద.

రోడ్డు ఒకటి, ఆటోలు రెండు, పొద్దుటిపూట రైలొకటి. రాయగడ వైపు నుంచి వచ్చే పాసింజరు దిగి మా వైపు ఊళ్లకి వచ్చేవాళ్లు ఒక ఆటోకి సరిపోయేంతమంది ఉండేవారు. స్టేషనుకి ముందు చేరినవాడికి ఫుల్ లోడు. రెండోవాడు గంటసేపు ఈగలు తోలుకోవాలి. అందుకని రైలు వేళకి ఇద్దరం ఖాళీ బళ్లతో పరిగెత్తేవాళ్లం. మొదట్లో అది ఆటే. ఓడినవాడు టీ పోయించాలి, అంతే. స్టేషను బయట టీ కొట్టు దగ్గర కూర్చునే పెద్దమనుషులు మమ్మల్ని దూరం నుంచే చూసి లేచి నిలబడేవారు. "ఇయాల బావేరా!" అని ఒకరు, "కాదెహే, బావమరిదే!" అని ఒకరు, ఒకటే గోల. మాకదో హుషారు. నిజం చెప్పాలంటే నేను లోడు కోసం కన్నా ఆ అరుపుల కోసమే ఎక్కువ స్పీడు పెంచేవాణ్ణి.

అప్ప తిట్టిపోసేది. "ఏటిరా మీ ఇద్దరికీ, బుద్ధుండక్కర్లేదా? ఒక్కింట్లో కంచాలెట్టుకుని తిన్నోళ్లు, ఒక్క రైలుకి పందేలేటి?"

బావ నవ్వేసేవాడు. "నీ తమ్ముడికి నేర్పింది నానే కదే. ఆడు ముందెల్తే నాకు సిన్నతనమేటి?"

ఆ రోజు నేను ఆలస్యంగా లేచాను. బావ అప్పటికే బయల్దేరిపోయాడు. ఊరు దాటాక పొలాల మధ్య రోడ్డు ఎత్తుగా ఉంటుంది, రెండు పక్కలా పల్లం. అక్కడ అతన్ని అందుకుని హారన్ కొట్టాను. బావ అద్దంలో చూశాడు. చెయ్యి బయటపెట్టి పో పో అని ఊపి, బండి ఎడమ పక్కకి తీశాడు. దారి ఇచ్చినప్పుడు తిన్నగా పోవాలి కదా, పోయానా? లేదు. దాటాక ఊరికే ఉడికిద్దామని అతని ముందుకి బండి అడ్డంగా తిప్పాను. అంతకంటే వేరే కారణం లేదు, ఎంత వెతికినా దొరకలేదు. నా వెనక రేకు అతని ముందు చక్రానికి తగిలింది. వెనకాల పెద్ద చప్పుడయింది.

ఆ చప్పుడు నాకు వినబడింది. ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. వినబడింది, బ్రేకు కూడా వేశాను, బండి దాదాపు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే అటు స్టేషను వైపు నుంచి రైలు కూత వచ్చింది. బ్రేకు మీంచి కాలు తీసేశాను. అద్దంలో చూడలేదు. చూస్తే ఆగాలి కదా.

ఫుల్ లోడు ఎక్కించుకుని తిరిగొచ్చేసరికి నలభై నిమిషాలయింది. రోడ్డు మీద జనం, పల్లంలో తలకిందులుగా బావ ఆటో. మనిషి లేడు. గేదెలు కాస్తున్న ఒకాయన ఊళ్లోకి పరిగెత్తి జనాన్ని పోగుచేసి, అటు పోతున్న ఇటుకల లారీని ఆపి ఎక్కించాడట. అప్ప కూడా అదే లారీ ఎక్కింది. విజయనగరం ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్లేసరికే ప్రాణం పోయింది. అరగంట ముందు తెచ్చుంటే చూద్దుమమ్మా అన్నాడట డాక్టరు. ఆ అరగంట ఎక్కడ పోయిందో నాకొక్కడికే తెలుసు.

గేదెల ఆయన పొలం అవతలి గట్టు మీంచి ఎంత చూశాడో అంతా కోర్టులో చెప్పాడు. మరి ఎందుకు ఆగలేదని జడ్జిగారు అడిగితే, ఇంజను మోతలో వినపడలేదండీ, పడిపోయాడని తెలీదండీ అన్నాను. ఊళ్లోనూ అదే చెప్పాను. ఊరు నమ్మలేదు. అప్ప నమ్మింది. బావ అన్నదమ్ములు కర్రలు పట్టుకుని నా మీదకి వచ్చిన రోజున గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆడికి తెల్దు. తెలిస్తే ఆగకుండా ఉంటాడేటి? నా సేతుల్తో పెంచినోడు నాకు తెల్దేటి? ఆడి మీద సెయ్యెయ్యాలంటే ముందు నన్ను సంపండి!"

బొట్టు తీసేసి వారం కాలేదు. ఆ మనిషి నన్ను కాపాడుతోంది. నేను లోపల మంచం పక్కన నక్కి కూర్చుని అదంతా విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజే బయటికి వచ్చి చెప్పాల్సింది. చెబితే ఆమె కూడా నాకు లేకుండా పోతుందని భయం. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. లోకంలో నాదని చెప్పుకోవడానికి ఆమె ఒక్కతే ఉంది.

ఏడాది శిక్ష పడింది. పదిహేను రోజులకోసారి అప్ప రెండు బస్సులు మారి ములాఖత్‌కి వచ్చేది. ఇనప జాలీకి అటు ఆమె, ఇటు నేను. "సన్నబడిపోనావురా. పెడతన్నారా సరిగ్గా?" అనేది. నాకు జంతికలు ఇష్టమని చేసి తెచ్చేది. తన గురించి ఒక్క ముక్క చెప్పేది కాదు. ప్రతిసారీ, ఈసారి చెప్పేస్తానని అనుకుని వెళ్లేవాణ్ణి. ప్రతిసారీ జంతికలు పట్టుకుని తిరిగొచ్చేవాణ్ణి. ఛీ, ఏం బతుకు అనిపించేది. కానీ ఆ జంతికలు తినేవాణ్ణి.

ఇదీ నా సంగతి. ఇంక ఆ ఆదివారం సినిమా దగ్గరికి వస్తాను.

సగం సినిమా అయ్యాక ఒక పందెంలో ఇద్దరు స్నేహితులు పక్కపక్కనే వస్తున్నారు. ఒకడి కారు తిరగబడింది. వాడు లోపల ఇరుక్కుపోయి, కిటికీలోంచి చెయ్యి చాపి రెండోవాణ్ణి పిలుస్తున్నాడు. రెండోవాడు బండి నెమ్మది చేశాడు. చూశాడు. మళ్లీ గేరు మార్చి వెళ్లిపోయాడు. వెనకాల మంట లేచింది. ఆ సినిమాలో ఇళ్లల్లో కూర్చుని చూస్తున్న జనం లేచి చప్పట్లు కొట్టారు. మా హాల్లో కూడా కొట్టారు. "ఆగితే ఎర్రోడవుతాడు, పందెం కదరా!" అని ఎవడో గట్టిగా అన్నాడు.

నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. శ్రీకాకుళం అవతల సముద్రం ఒడ్డున పల్లె. పడవల దగ్గర కొట్లాటలో ఒకడి తల పగలగొట్టి వచ్చాడు. రోజంతా నోరు విప్పేవాడు కాదు. ఆయన టీవీ కేసి చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

"ఏటి సప్పట్లురా ఈళ్లు! మా కాడ సముద్రంలో ఒకడు పడిపోనాడనుకో, సేపలతో నిండిన వలైనా సరే, కత్తెట్టి కోసీసి పడవ ఎనక్కి తిప్పుతాం. పోతే పోనాది వల. పడినోడు పగోడైనా తిప్పుతాం. మనిసి కేకేసినాక ఎలా పోతార్రా?"

ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి, "నీకు ఇనబడనేదంట కదా. ఇనబడితే నువ్వయితే ఆగీవోడివే" అన్నాడు. నన్ను ఓదారుద్దామనే అన్నాడు పాపం. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మనిషి తల పగలగొట్టినవాడు నన్ను మంచివాడంటున్నాడు. అక్కడ కూర్చోలేకపోయాను. లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. వెనకాల "ఒరే ఆటో, మంచి సీనురా, సూడు సూడు" అని పిలుస్తూనే ఉన్నారు. సినిమా ఎలా అయిందో, ఎవడు విడుదలయ్యాడో నేను చూడలేదు.

తర్వాతి ములాఖత్‌కి ఇంకా నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ నిద్ర మానుకుని ఇదే లెక్క వేసుకున్నాను. చెప్పకపోతే ఆమె ఒక దొంగకి జంతికలు మోస్తూ ఉంటుంది. చెబితే ఆమెకి మిగిలినది కూడా పోతుంది. ఎటు చూసినా ఆమెకే నష్టం, అది చేస్తున్నది నేను. చివరికి, ఇంక ఆమె చేత మోయించకూడదు అని గట్టిగా అనుకున్నాను.

గురువారం అప్ప వచ్చింది. ఎండలో నడిచి వచ్చిందేమో, కొంగుతో మెడ తుడుచుకుంటూ కూర్చుంది. జంతికల సంచీ ఒళ్లో పెట్టుకుంది. "ఏటిరా మొకమలా పీక్కుపోనాది? జొరమేటి?" అంది.

"అప్పా, ఒక మాట సెప్పాల."

"సెప్పు."

"ఆ రోజు సప్పుడు నాకు ఇనబడింది. ఇనబడనేదని అబద్ధం సెప్పినాను. తెలిసే ఎల్లిపోనాను."

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఏదీ చేయలేదు. జాలీని రెండు చేతులతో పట్టుకుంది. పక్కన ఎవరో పిల్లాడి బడి గురించి మాట్లాడుకుంటున్నారు. "రైలు కోసమా?" అంది.

తల ఊపాను.

"లారీలో ఆయన తల నా ఒళ్లోనే ఉన్నాది" అంది. గొంతు మెల్లగా, ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. "మాట తెలుస్తానే ఉన్నాది ఆయనకి. నీ గురించే సెప్పినాడు. 'ఆణ్ణి రెండు సార్లు పిలిసినానే. ఆడికి ఇనబడనేదు. ఇనబడితే వచ్చీవోడు. ఆణ్ణెవుళ్లూ ఏటీ అనకండి' అన్నాడు. అదే ఆఖరి మాట. ఆ మాట పట్టుకునే నాను అందరితోటీ దెబ్బలాడినాను."

ఈ సంగతి నాకు తెలీదు. ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె జాలీకి ఇంకా దగ్గరగా జరిగింది. "సప్పుడు ఇనబడిందంటున్నావు. సరే. సప్పుడు దేనిదో అనుకుని ఉంటావు. ఆయన పిలుపు ఇనబడనేదు కదా? బండి మోతలో మనిసి గొంతేటి ఇనబడతాది? నేదు కదరా?"

ఆ కళ్లల్లోకి చూశాను. లేదని చెప్పరా అని బతిమాలుతున్నాయి. ఆ ఒక్క మాట చెబితే చాలు. బావ ఆఖరి మాట నిజమవుతుంది, ఆమె లేచి కొంగు దులుపుకుని మళ్లీ పదిహేను రోజులకి వస్తుంది. నా నాలుక మీద ఆ 'లేదు' తయారుగానే ఉంది.

"రెండు సార్లు కాదప్పా" అన్నాను. "మూడుసార్లు పిలిసినాడు."

ఆమె జాలీ మీంచి చేతులు తీసేసింది. వార్డరు టైమైపోయిందని ఇంకా అనలేదు. ఆమె లేచి, సంచీ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. శిక్షలో నాకింకా అయిదు నెలలుంది. ఆ అయిదు నెలల్లో నన్ను చూడ్డానికి ఎవరూ రాలేదు.