పడుగు మీద నాయన

నవ్వుకోండి, నేనేమీ అనుకోను. కన్నతండ్రిని, ఇంటికి కూడుపెట్టిన మగ్గం మీదనే నిలబెట్టి ఏడిపించిన ఘనురాలిని నేను.

మాది నగరి, నేతగాళ్ళ ఇల్లు. నా పని వీఆర్‌లో కథలు చెప్పడం. కండ్లకు పెట్టె తగిలించుకుంటే చాలు, మీరు ఇంకోచోట ఉంటారు. మోకాళ్ళు పనికిరాక నాయన గుంటమగ్గం విప్పేయాలనుకున్నప్పుడు, ముందురోజే మూలమూలా ఫోటోలు తీసి, దాన్ని ఉన్నదున్నట్టు వీఆర్‌లో కట్టినాను. తిరుపతిలో ప్రదర్శనకు పెడితే ఒకటే చప్పట్లు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ముందు రచ్చ గెలిచేసి, తలెగరేసుకుంటా ఇంటికొచ్చినాను.

విప్పేసినప్పట్నుంచి నాయన ఆ మగ్గం మాటే ఎత్తలేదు. ఆయన ఒక్కసారి చూసి "బాగుండాది" అంటే చాలు, నాకింకేమీ వద్దు.

నాయన్ని నిలబెట్టి పెట్టె తగిలించినాను. నాయన దూలం చూసినాడు, కిటికీ చూసినాడు, నవ్వినాడు. నేను పూరీ మాదిరి పొంగిపోయినాను. అప్పుడు కిందికి చూసినాడు.

"అయ్యయ్యో, పడుగు తొక్కినానే!"

ఆ మోకాళ్ళతోనే ఒక కాలు పైకెత్తి ఒంటికాలిమీద నిలబడినాడు.

"కాలు దించు నాయనా, పడతావు!"

"యాడ దించేది? అంతా పోగులే!"

"అది ఉత్త బొమ్మ నాయనా!"

"బొమ్మయితే తొక్కొచ్చునా? నువ్వు పుట్టింది ఏ ఇంట్లోమే?"

పడుగంటే మగ్గానికి బారుగా సాగదీసిన నూలు. మా ఇంట్లో పాకే బిడ్డ కూడా దాన్ని తొక్కదు, కిందనుంచి దూరిపోతుంది. ఆడినుంచి అయితే ఇల్లంతా బాగా కనబడతాదని, నేను చూసేవాళ్ళని సరిగ్గా దాని నడిమధ్యన నిలబెట్టినాను! తిరుపతిలో అందరూ తొక్కి చప్పట్లు కొట్టినారు, నేను నవ్వుతా నమస్కారాలు పెట్టినాను. ఇప్పుడది తలుచుకుని సిగ్గుతో చచ్చిపోయినాను.

పెట్టె తీసినాక నాయన మెల్లిగా అడిగినాడు.

"నాకంటే ముందు ఎవరన్నా నిలబడినారా ఆడ?"

"లేదు నాయనా, నువ్వే మొదలు."

అబద్ధమే. ఇంకేం చెప్పమంటారు?

రెండురోజులు కూర్చుని, చూసేవాళ్ళ చోటు నేసేవాడు కూర్చునే పలక మీదికి మార్చినాను. నాయన్ని మంచం అంచున కూర్చోబెట్టి మళ్ళీ పెట్టె తగిలించినాను. చేతులు లేచినాయి. పాదాలు కదిలినాయి. అంతలో ఆగి, వేళ్ళు గాల్లో ఏదో వెతకబట్టినాయి.

"ఎట్లుండాది నాయనా?"

"ఉండు పాపా. ఈడొక పోగు తెగుండాది. అతికేసి వస్తా."

నేను వంటింట్లోకి పోయి ఏడ్చినాను.

కాబట్టి ఆ పెట్టె సాక్షిగా ఒట్టేస్తా ఉండాను: ఇంకమీద ఏ లోకం కట్టినా, మనిషి కాలు యాడ పెట్టాలో నాయన్ని అడగకుండా కట్టను. అడగాలంటే ముందు ఆయన ఆ పెట్టె తీయాల గదా, ఇంకా ఆడే ఉండాడు!