చెయ్యెత్తే రూత్

మా రూత్‌కు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎక్కడ ఏ తప్పు జరిగినా ఆమె చెయ్యి పైకి లేస్తుంది. తప్పు ఆమెదే కానక్కరలేదు. ఆ చుట్టుపక్కల ఆమె ఉంటే చాలు.

బాస్కెట్‌బాల్‌లో ఫౌల్ చేసినవాళ్లు చెయ్యెత్తి ఒప్పుకోవడం పాత మర్యాద. కామారెడ్డి డిగ్రీ కాలేజీలో మేమిద్దరం ఒకే జట్టులో ఆడే రోజుల్లో మిగతావాళ్లం ఆ మర్యాదను వీలైనంత వరకు మరచిపోయేవాళ్లం. రూత్ మా అందరి వంతూ కలిపి పాటించేది. అటు రింగు కింద ఎవరో ఎవరినో తోస్తే, ఇటు రింగు కింద నిలబడి చెయ్యెత్తేది.

"నాదే సార్!"

"నువ్వు ఆడ లేనే లేవు గదమ్మా?" అని రిఫరీ తల గోక్కునేవాడు.

"లేను సార్. అయినా నాదే."

ఆ ఆటలో ఐదు ఫౌల్స్ అయితే బయటికి పంపేస్తారు. అందుకని మా అందరికన్నా బాగా ఆడే మనిషి సగం మ్యాచులు బెంచీ మీద కూర్చుని చూసేది. మాకు ఆట నేర్పే పీడీ సిద్ధిరాములు సార్ నోట్లోంచి విజిల్ తీసి, "ఏం పిల్లవే నువ్వు? రేపటి సంది నీ కుడిచెయ్యి నడుముకు కట్టి ఆడిపిస్త!" అని అరిచేవారు. "ఎడమది లేస్తది సార్," అని నేను పక్క నుంచి గుర్తు చేసేదాన్ని.

ఆట బయటా ఇదే వరస. ఒకసారి ఎల్లారెడ్డి బస్సులో డ్రైవర్ సడన్ బ్రేకు వేశాడు. ముందు సీటులో ఉన్న హన్మవ్వ అనే ముసలామె గంప బోర్లాపడి టమాటలు బస్సంతా దొర్లాయి.

"ఎవడురా గిట్ల జేసింది?" అని హన్మవ్వ లేచింది.

వెనక సీటులోంచి చెయ్యి కూడా లేచింది. "నాదే అవ్వా!"

హన్మవ్వ దారి పొడుగునా రూత్‌ను తిడుతూనే ఉంది. రూత్ సీట్ల కింద దూరి టమాటలు ఏరుతూనే ఉంది. డ్రైవర్ ఈల వేసుకుంటూ హాయిగా నడిపాడు. దిగేటప్పుడు హన్మవ్వ మెత్తబడి, "మంచి పిల్లవే గని, బ్రేకు జర సూసి కొట్టాలె బిడ్డా," అంది.

చర్చిలో ఒక ఆదివారం పాస్టర్ అబ్రాహాము గారు గొంతు పెంచి, "మనలో పాపి ఎవరు?" అని అడిగారు. అందరూ తలలు దించుకున్నారు. ఒక్క చెయ్యి లేచింది. పాస్టర్ గారు, "తల్లీ, అది ఊరికే అడిగిన. దించు," అన్నారు.

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో, బంతి కోసం ఎగిరిన రూత్ ఎదుటి జట్టు అమ్మాయిని గుద్దుకుని పడింది. మోకాలు తిరిగిపోయింది. ఆ అమ్మాయి తన వల్లే ఇదంతా అయిందని ఏడుస్తోంది. స్ట్రెచర్ మీద నుంచి చెయ్యి లేచింది. "నాదేనే. నువ్వు ఏడ్వకు. పోయి ఆడుకో."

ఇక ఎగరకూడదని డాక్టర్ చెప్పాడు. ఇంట్లో బీడీలు చుట్టే వాళ్లమ్మ సాలవ్వ, "ఎగిరింది సాలు. నా పక్కన కూసో," అంది. రూత్ కూర్చుంది. నేను చూడడానికి వెళ్లిన రోజు అన్నం కలపకుండా వాకిట్లోకి చెవి పెట్టి ఉంది. బయట పిల్లలెవరో బంతి నేలకు కొడుతున్నారు.

"బంతిల గాలి తక్కువున్నదే," అంది. అంతే అంది.

కొన్నాళ్లకు సిద్ధిరాములు సార్ స్వయంగా వాళ్లింటికి వచ్చారు. మెడలోని విజిల్ తీసి ఆమె మెడలో వేశారు. "పోయింది మోకాలే గద. కండ్లున్నయ్, నోరున్నది. కొత్తగొచ్చిన పిల్లలను నువ్వే సూస్కో."

అలా మొదలైంది. తర్వాత కోచింగ్ కోర్సు చేసి, ఎల్లారెడ్డిలో ఒక ఆడపిల్లల బడిలో చేరింది. మొదటి రోజే ఫౌల్ అని విజిల్ ఊదింది తనే, చెయ్యెత్తిందీ తనే. పిల్లలు మొహాలు చూసుకున్నారు.

"ఫౌల్ మాదా మేడమ్, మీదా?"

"ఎవరిదైతే ఏంది? ఆడుండ్రి!"

ఆ పిల్లల్లో బుజ్జి అందరికన్నా పొడుగు, అందరికన్నా పిరికి. బంతి చేతికొస్తే కాలిన పెనం పట్టుకున్నట్టు వదిలేసేది. కామారెడ్డిలో టోర్నమెంటు జరిగినప్పుడు వాళ్ల నాన్న రాజన్న పొలం పని మానుకుని వచ్చాడు. అక్కడే ఉద్యోగం చేస్తున్న నేనూ వెళ్లాను.

"ఇయ్యాల నా కండ్లతోని సూస్త టీచరమ్మా," అన్నాడు రాజన్న. "పనికొస్తే సరే. లేకుంటే రేపటి సంది ఆట బంద్."

ఆట చివరి దాకా స్కోరు సమానంగా నడిచింది. ఆఖరి నిమిషంలో బంతి బుజ్జికి చిక్కింది. జన్మలో మొదటిసారి బుజ్జి దాన్ని వదల్లేదు. కొడుతూ ఒక్కటే ఉరుకు. అడ్డం ఎవరూ రాలేదు. రూత్ జట్టు పిల్లలు గొంతులు చించుకుని అరుస్తుంటే మెచ్చుకుంటున్నారనుకుంది. రింగు దాకా వెళ్లి చక్కగా వేసింది. రాజన్న లేచి చప్పట్లు కొట్టాడు. కొడుతున్నది తానొక్కడేనని కాసేపటికి తెలిసింది.

సగం ఆట తర్వాత రింగులు మారతాయి. బుజ్జి వేసింది మనం కాచుకోవాల్సిన రింగులోనే, ఆ పాయింట్లు అవతలి జట్టుకు పోయాయి. మనం ఓడిపోయాం.

ఎవరో విడమరచి చెప్పగానే రాజన్న మొహం ఎర్రబడింది. కోర్టులోకి నడిచాడు. బుజ్జి జెర్సీలో మొహం దాచుకుంది. ఇద్దరి మధ్యకు రూత్ కుంటుతూ వచ్చింది. చెయ్యి అప్పటికే పైన ఉంది.

"నాదే అన్నా. దిక్కు మారుతదని నేనే చెప్పలే."

చెప్పింది. ఒక్కొక్క పిల్ల భుజాలు పట్టి తిప్పి మరీ చూపించింది. నేను కళ్లారా చూశాను.

రాజన్న కోపం దారి మళ్లింది. "చెప్పకపోతే ఎట్లమ్మా? టీచరువేనా నువ్వు? సూసినవా నా బిడ్డ ఉరుకుడు? అంతమంది ఉండి ఒక్కరన్న ఆపగలిగిన్రా? నువ్వు దిక్కు సక్కగ జెప్తే మీరే గెలుద్దురు!"

"నిజమే అన్నా," అని రూత్ తల వంచుకుంది.

జెర్సీ అంచు మీదుగా రెండు కళ్లు బయటికొచ్చాయి. తండ్రి తనను పొగడడం ఆ పిల్ల ఎన్నడూ వినలేదేమో, రాజన్న వంకే చూస్తూ నిలబడింది.

బయట చాయ్ తాగుతూ రూత్‌ను నిలదీశాను. "నువ్వు చెప్పినవు గదనే!"

"మెల్లగ మాట్లాడు వినీతా, రాజన్న ఇంటడు."

అప్పుడు కాలేజీ రోజులు కళ్లముందు తిరిగాయి. సార్ విజిల్ వినగానే ఏడుపు మొహం పెట్టే ఫస్టియర్ పిల్ల, తప్పు చేస్తే అన్న ఇంటికి లాక్కుపోతాడని భయపడే ఇంకో పిల్ల. ఆ తిట్లన్నీ రూత్ మీద పడ్డాయి. వాళ్లు ఆడుకున్నారు.

"అయితే అప్పట్ల గూడ అన్నీ తెలిసే ఎత్తినవా?"

"గంత తెలివి నాకేడిదే?" అని నవ్వింది. "చెయ్యి ముందు లేస్తది. ఎందుకు లేసిందో తర్వాత తెలుస్తది."

మరుసటి ఏడు టోర్నమెంటుకు రాజన్నే బుజ్జిని బండి మీద తెచ్చాడు. సగం ఆట కాగానే పిల్లలకన్నా ముందు తాను లేచాడు. కోర్టు చుట్టూ నడిచి వెళ్లి, మనం వేయాల్సిన రింగు వెనక నిలబడి తువ్వాల ఊపడం మొదలుపెట్టాడు.

"బుజ్జీ! నేనున్న దిక్కే! నేనున్న దిక్కే!"

రిఫరీ వెనక్కి జరగమంటే ఒక అడుగు జరిగి మళ్లీ ఊపాడు. బుజ్జి ఆ తువ్వాల వైపే ఉరికి బంతి వేసింది. అది రింగు మీద గిరగిర తిరిగి బయట పడింది. నేను భయంగా రాజన్న వైపు చూశాను.

"ఏం గాదు బిడ్డా!" అని అరిచాడు రాజన్న. "మల్లెయ్! నేనీడ్నే ఉంట!"