చెప్పులు వదిలి చేసిన బేరం

ఆ రోజుల్లో నా అంత బాగా బేరమాడేవాడు బిలాస్‌పూర్‌లోనే లేడని నా గట్టి నమ్మకం. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళుండే తోర్వా పేటలో, మావయ్య చీరల కొట్టులో పెరిగినవాణ్ణి మరి. అక్కడ బేరానికో పద్ధతి ఉండేది. కొనేవాళ్ళు విసురుగా లేచి గుమ్మం వైపు మూడడుగులు వేయాలి, నాలుగోది పడకముందే మావయ్య "రండమ్మా, కూకోండి" అని వెనక్కి పిలవాలి. ఇప్పుడు ఫోన్ ఆటల్లో ప్రకటనలు అమ్మించే పెద్ద ఉద్యోగం వెలగబెడుతున్నాను గానీ (నా హోదా కార్డు మీద రెండు వరసలు పడుతుంది), చదివిన చదువంతా ఆ మూడడుగులే.

మొదటి ఉద్యోగం రాయపూర్‌లో, ఫోన్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీలో. నెలాఖరులోగా ప్రకటనలిచ్చే గిరాకీ ఒక్కటైనా తేకపోతే ఇంటికి పొమ్మన్నాడు మా బాసు. లోకల్ రైలెక్కి తిన్నగా మావయ్య దగ్గరికే వచ్చాను. ఆయన గీచి గీచి బేరమాడితే, ఆటలో ప్రకటనకి అన్నిటికంటే చవకైన చోటు అంటగట్టాను. వారం చూసి, నచ్చితే ఏడాదికి ఒప్పుకుంటానన్నాడు. అదెందుకంత చవకో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

వారం తిరిగాక వెళ్ళి, గుమ్మంలో చెప్పులు విడిచి పరుపు మీద కూర్చున్నానో లేదో, అత్తయ్య ఫోన్ నా మొహం మీద పెట్టింది. "ఒరే, నాను సచ్చిపోయినప్పుడల్లా మన కొట్టు కనిపిస్తంది, ఇదేట్రా?" (ఆటలో రాణి గుర్రంతో సహా గోతిలో పడి చావగానే తెర నల్లబడి, "శుభకార్యాలకు మా చీరలే" అంటూ మావయ్య నవ్వుమొహం వస్తుంది.)

"పెళ్ళి చీరలమ్ముకునీవోణ్ణి, సచ్చినోళ్ళకి సూపిస్తావేట్రా!" అని మావయ్య లంకించుకున్నాడు.

"ఇంకో మంచి చోటుంది మావయ్యా. చచ్చినవాళ్ళు మన ప్రకటన చివరిదాకా చూస్తే మళ్ళీ బతుకుతారు."

"అచ్ఛా! పానం పోసీది మన కొట్టేనా?" మెత్తబడ్డాడు. "అయితే సావుకి సెప్పిన రేటుకే బతుకూ ఇచ్చీ."

అలా ఇస్తే బాసు ముందు నా ప్రాణం తీస్తాడు. "అయితే వద్దులే" అని విసురుగా లేచాను. ఒకటి, రెండు, మూడు. పిలుపు రాలేదు. నాలుగు. వీధిలోకి వచ్చేశాను. పాన్ డబ్బా కూడా దాటాను. వెనక ఎవరూ అరవరేం? అరికాళ్ళు భగ్గుమంటున్నాయి, ఉద్యోగం పోయినట్టే. ఇక ఆగలేక వెనక్కి తిరిగాను. గుమ్మంలో మావయ్య పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"సెప్పులు ఒగ్గీసి ఎంతదూరం ఎల్తావురా? రా, కూకో!"

"ఆడడిగిన రేటు ఇచ్చీండి బాబూ," అంది అత్తయ్య ఫోన్లోంచి తలెత్తకుండానే, "నాను మళ్ళీ గోతిలో పడ్డాను."

మావయ్య ఏడాదికి ఒప్పుకున్నాడు. నా ఉద్యోగం నిలబడింది.

ఇప్పటికీ బేరం తెగకపోతే మీటింగులో కుర్చీ వెనక్కి తోసి లేస్తాను. ఒకటి, రెండు, మూడు. అవతలివాళ్ళు మర్యాదగా "థాంక్యూ సార్" అంటారు. అప్పుడొకసారి కాళ్ళవైపు చూసుకుంటాను. బూట్లు తొడుక్కునే ఉంటాను. ఎంతదూరమైనా వెళ్ళిపోవచ్చు, ఎవరూ నవ్వరు.