అత్త కంటే ముందు బయల్దేరిన సంచి

మా మేనత్త రమణమ్మకు ఓడ ఎక్కాలన్న కోరిక నా ఫోనులో పుట్టింది. కిందటి వేసవిలో పొదిలి దగ్గరున్న మా ఊరు వెళ్ళినప్పుడు, విహారనౌకలో ఎవరో తీసిన వీడియో ఆమెకు చూపించాను. పై అంతస్తులో ఈతకొలను కనబడగానే అత్త ఫోను లాక్కుంది. "చుట్టూతా అన్ని నీళ్ళు పెట్టుకొని, నెత్తిన మళ్ళీ ఇంకో తొట్టి దేనికే?" అంది. నీళ్ళ ట్యాంకరు హారన్ వినబడితే చేతిలో పని వదిలేసి బిందెలతో పరుగెత్తే మనిషి ఆవిడ. పోయి చూసొద్దామా అన్నాను. నవ్వి ఊరుకుంటుందనుకున్నాను. చేలో మిరపకాయలు అమ్ముడుపోయాక ఆలోచిద్దామంది.

డిగ్రీ అయ్యాక ఒక్కచోట కుదురుగా ఉండలేని నాకు ఆ మాట చాలు. ఈ ఏడు ఆమె మిరపకాయలు గుంటూరు యార్డుకు చేరగానే, చెన్నైలో ఎక్కి చెన్నైలోనే దిగే రెండు రాత్రుల ప్రయాణానికి టికెట్లు తీశాను. గది, తిండి, పన్నులు అన్నీ కలిపి ఇద్దరికీ నలభై వేల పైచిలుకు అయింది. వెళ్ళాలనుకునేవాళ్ళు గమనించాల్సింది ఏమిటంటే, ఓడ సాయంత్రం కదిలినా ఎక్కించుకునే కౌంటరు మధ్యాహ్నమే మూసేస్తారు. గుర్తింపు కార్డు అసలుదే ఉండాలి. మా ఓడ శుక్రవారం. గురువారం రాత్రి రైలెక్కితే చాలని నేనన్నాను. బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది, ఓడ పోతే ఏం చేస్తామని అత్త గురువారం పొద్దున్నే బయల్దేరాలని ఖాయం చేసింది.

తీరా చూస్తే గురువారం ఆమె నక్షత్రానికి కలిసిరాదట. దీనికి మావైపు ఒక పాత ఉపాయం ఉంది, ప్రస్థానం అంటారు. ముందే మంచి గడియ చూసుకుని మన వస్తువేదైనా ఇంకొకరింట్లో పెడితే, మనం బయల్దేరినట్టే లెక్క. తర్వాత ఎప్పుడు కదిలినా దోషం లేదు. పోయేటప్పుడు ఆ వస్తువు తీసుకుపోతే సరి. బుధవారం సాయంత్రం అత్త ఒక గుడ్డసంచి తీసుకెళ్ళి ఎదురింటి మస్తాన్‌బీకి ఇచ్చి, తన గేదెల్ని కూడా ఆమెకే అప్పగించి వచ్చింది. అందులో ఓ కొత్త జాకెట్టు, ఆధార్ కార్డు పెట్టింది. కార్డెందుకు అత్తా అంటే, "దాని మీద నా మొహం ఉంది గదే. అది పోతే నేను పోయినట్టే" అంది. నాకూ సబబుగానే తోచింది.

గురువారం ఆరున్నరకే ఒంగోలు బస్సెక్కాం. సాగనంపడానికి వీధిలో సగం మంది వచ్చారు. ఎవరి దూడకు ఏం తాగించాలో, ఎవరి కోడలికి ఎప్పుడు ఆస్పత్రికి పోవాలో చెబుతూ చెబుతూనే అత్త బస్సులో కాలు పెట్టింది. మస్తాన్‌బీ ఆ వేళకు పాలకేంద్రానికి పోయి ఉంది. గంటన్నర దారి పొడుగునా పత్తికట్టె పీకేసిన చేలు, కాయలు ఎత్తేసినా ఎరుపు వదలని కల్లాలు. ఒంగోలులో ఇడ్లీ తిని స్టేషన్‌కు ఆటో ఎక్కాం. ఎక్కడికని అడిగిన ఆటో అతనికి అత్త గర్వంగా ఓడకని చెప్పింది. "రైలుస్టేషన్లో ఓడేంది పెద్దమ్మా? సముద్రం కాడ కొత్తపట్నం పోయినా పడవలే ఉంటయ్" అన్నాడతను.

ప్లాట్‌ఫాం మీదికి వచ్చాక అత్త చంక తడుముకుని ఆగిపోయింది. సంచి ఊళ్ళోనే ఉంది. కార్డు లేకుండా ఓడ దాకా పోయినా లాభం లేదు. ఇంక దేవుడే వద్దంటున్నాడు, ఇంటికి పోదామంది. నేను మస్తాన్‌బీకి ఫోన్ చేశాను. "మొహం ఇక్కడ పెట్టి ఒళ్ళొక్కటే పట్టుకుపోయిందా మా వదిన?" అని ఆమె నవ్వింది. కార్డు ఎవరి చేతికీ ఇవ్వనని, వచ్చే బస్సుకు తానే తెస్తానని చెప్పింది.

మా రైలు మా కళ్ళముందే వెళ్ళిపోయింది. మధ్యాహ్నం బండికి జనరల్ టికెట్లు తీసుకున్నాను. ఇద్దరికీ మూడొందల లోపే. బెంచీ మీద కూర్చున్నాక, నిజంగా మర్చిపోయావా, పోవడం ఇష్టం లేక మర్చిపోయావా అని అడిగాను. అత్త పట్టాల వంక చూస్తూ చెప్పింది.

"నీళ్ళంటే నాకు బెదురు లేదే. నేను లేకపోయినా గేదెలు పాలిస్తయ్. వీధిలో ఎవరి పని వాళ్ళకి జరిగిపోద్ది. తిరిగొచ్చి అది చూడాలంటేనే బెదురు..."

మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. ఆమెను పొద్దున్నే లేపేవి ఆ గేదెలు, ఆ చేను, ఆ వీధి. ఆమె అరచెయ్యి పట్టుకుని కూర్చున్నాను. తలెత్తేసరికి మా వెనక సంచితో మస్తాన్‌బీ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. సంచి అత్త ఒళ్ళో పెట్టి, తిట్టాల్సిన నాలుగూ తిట్టి, టీ కూడా తాగకుండా తిరుగు బస్సుకు వెళ్ళిపోయింది.

చీకటిపడే వేళకు చెన్నై చేరి, సెంట్రల్ దగ్గర లాడ్జిలో దిగాం. శుక్రవారం పొద్దున ఆటోలో ఓడరేవు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. గేటు దగ్గర టికెట్, కార్డు చూసి లోపలికి పంపారు. పదకొండుకల్లా హాలులో ఉన్నాం. పెట్టెలు వాళ్ళే తీసుకున్నారు. అద్దాల్లోంచి ఓడ కనిపిస్తోంది, మా ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినంత ఎత్తు. అందర్నీ వరుసలోకి రమ్మన్నారు. అత్త మాత్రం లేవలేదు. నువ్వు పోయిరా, నేనిక్కడే కూచుంటానంది. ఆ మాట నవ్వుతూ అనలేదు.

అప్పుడే అత్త ఫోన్ మోగింది, మస్తాన్‌బీ. అత్తకు స్పీకరు పెట్టి మాట్లాడడమే వచ్చు.

"వదినా, నీ గేదెలకి పత్తిచెక్క ఎంతసేపు నానబెట్టాల? చిన్నది మూతి పెట్టట్లా."

అత్త నిటారుగా కూర్చుంది. దాణా ఎంతసేపు నానాలో చెప్పింది, ఉప్పెంతో చెప్పింది. చిన్నదానికి పైన కాస్త తౌడు చల్లాలని, పక్కన నిలబడి పేరు పెట్టి పిలవాలని, లేకపోతే అలుగుద్దని చెప్పింది. వరుసలో జనం తిరిగి చూస్తున్నారు. ఆ చివర మస్తాన్‌బీ బుద్ధిగా ఊఁ కొడుతోంది. ఫోన్ పెట్టేశాక అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"దానింట్లో రెండు గేదెలున్నయ్. పెళ్ళయి వచ్చిన కాడి నుంచీ చెక్క నానబెడతానే ఉంది. నన్నడుగుద్ది చూడు" అంది. తర్వాత సంచి చంకన పెట్టుకుని లేచింది. "పదవే, మళ్ళీ మూసేస్తారు."

ప్రయాణానికి ముందుగా చేరడమంటే రైళ్ళ ఆలస్యానికి, ట్రాఫిక్‌కు లెక్క వేసుకోవడమే అనుకునేదాన్ని. కొందరికి కాళ్ళు కదిలినా మనసు కదలడానికి ఇంకొంచెం టైము పడుతుంది. నేననుకున్నట్టు గురువారం రాత్రి బయల్దేరి ఉంటే, సంచి కోసం ఆగడానికి గానీ ఆ బెంచీ మీద కూర్చోవడానికి గానీ మాకు గంట కూడా మిగిలేది కాదు. మీరు వెళ్ళేటప్పుడు ఓడ కదిలే ముందురోజే ఆ ఊరు చేరండి. రేవు దాటాక ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి, ఇంటికి చెప్పాల్సినవన్నీ మీ పెద్దవాళ్ళ చేత ఆ హాలులోనే, తొందరపెట్టకుండా, చెప్పించండి.