రత్నం అత్త వండిన రాతి రొయ్య

నాకు తొమ్మిదేళ్లప్పుడు... ఒక ఆదివారం పొద్దున, గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుస పిల్లలమంతా రత్నం అత్త వాకిట్లో మూగాం. తడి గోనెసంచిలో ఏదో కదులుతోంది...

రత్నం అత్తవాళ్లు మా పక్క క్వార్టర్‌లో ఉండేవారు. వాళ్లది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున ఓ పల్లె. మామయ్య మా నాన్నతో పాటే బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆ రోజు అత్త తమ్ముడు ఎల్లాజీ రైలు దిగి వచ్చాడు. సంచి విప్పితే రెండు రాతి రొయ్యలు... మూరెడు పొడవు, ఒళ్లంతా ముళ్లు, చీపురుపుల్లల్లాంటి మీసాలు. కెవ్వుమని వెనక్కి ఉరికాం.

"ఇవి మేం పడతాం గానీ తినం. పట్టినవన్నీ షావుకారికే ఇచ్చేస్తాం. అక్క జొరమొచ్చి చిక్కిపోనాదని తెలిసి, ఈసారి రెండు దాసినాను" అన్నాడు ఎల్లాజీ నవ్వుతూ.

నిజమే... ఆ వానాకాలం అత్త టైఫాయిడ్‌తో మంచం పట్టింది. అన్ని రోజులూ మా అమ్మే జావ కాచి తాగించింది.

అత్త బొగ్గుల పొయ్యి మీద నీళ్లు మరిగించింది. ముదురాకుపచ్చగా ఉన్న రొయ్య చూస్తుండగానే ఎర్రబడింది... పెంకు చీల్చి, తెల్లటి కండ తీసి, ఉల్లిగడ్డ, అల్లం, కారం వేసి ఇగురు పెట్టింది. ఆ ఇగురును మళ్లీ పెంకులోనే సర్ది, స్టీలు పళ్లెంలో పెట్టుకుని మా ఇంటికి తెచ్చింది.

"ఒకటి మాకు, ఒకటి మీకు వదినా. వేడి మీదే తినాల."

జ్వరం తగ్గాక ఆమె అంతగా నవ్వడం అదే మొదటిసారి...

అత్త వెళ్లగానే మా నాన్నమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏందే ఇది, తేలు లెక్కున్నది! తింటే వాంతులైతయి."

నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మ కాసేపు ఆ పళ్లెం వంక చూస్తూ నిలబడింది. తర్వాత పాత పేపర్లో చుట్టి నా చేతికిచ్చింది.

"నాలా దాకా పోయి పారేసి రా బిడ్డా. దగ్గర్ల ఎయ్యకు. వదిన చూస్తే మనసు కష్టపెట్టుకుంటది."

ఆ మురుగుకాలువ దూరం... దోస్తులేమో తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. మా వరుస చివర బూడిదకుప్ప మీద విసిరేసి ఆటలో కలిశాను.

సాయంత్రం మేమింకా ఆడుతుండగానే అత్త పొయ్యి బూడిద పారబోయడానికి అక్కడికే వచ్చింది. అప్పటికే కుక్క పేపరు చింపేసింది. ఎర్రటి పెంకు... అందులో ఎవరూ ముట్టని ఇగురు...  అత్త నా వైపు చూసింది.

"ఏటమ్మా... కారం ఎక్కువైపోనాదేటి?"

అవునని తలూపాను.

"పిల్లలున్న ఇల్లని మరిసిపోనాను. తప్పు నాదే" అంటూ వంగి, చేత్తో బూడిద లాగి దాన్ని కప్పేసింది.

నేను ఇంట్లో చెప్పలేదు. మర్నాడు అమ్మ పళ్లెం తిరిగిస్తూ "మస్తుగున్నది వదినా" అంది. అత్త "అలాగా వదినా" అని మాత్రం అంది...

ఆ చలికాలమే తుఫానులో ఎల్లాజీ పడవ గల్లంతైంది. శవం కూడా దొరకలేదు. అత్త ఏడుపు మా వరుసంతా వినిపించింది.

కొన్ని రోజులకు అమ్మ ఉండబట్టలేక ఆమె చేతులు పట్టుకుంది. "నీ తమ్ముడు తెచ్చింది మేము తినలే వదినా. అబద్ధమాడిన. నన్ను మాఫ్ చెయ్యి."

"తెలుసు వదినా. నానే బూడిదలో కప్పెట్టినాను" అంది అత్త. "ఆడు రైలెక్కేటప్పుడు అడిగినాడు... మీ పక్కింటోళ్లు ఏమన్నారక్కా అని. మా వదిన కూతురు పెంకు కూడా నాకేసిందిరా అన్నాను. ఎంత సంబరపడిపోనాడో..."

నేను గుమ్మంలో నిలబడి అంతా విన్నాను. ఆ రోజు అమ్మ నన్ను కొట్టలేదు... కొట్టి ఉంటే బాగుండేది.

మామయ్య రిటైరయ్యాక వాళ్లు సొంతూరు వెళ్లిపోయారు. రెండు ఉత్తరాలు వచ్చాయి... తర్వాత అవీ ఆగిపోయాయి. ఇప్పుడు అమ్మ లేదు. అత్త ఉందో లేదో తెలియదు.

ఇప్పుడు నేనుండే అపార్ట్‌మెంట్‌లో ఎదురింటివాళ్లది ఏ ఊరో కూడా నాకు తెలియదు. అడగాలని రోజూ అనుకుంటాను... అడగను.

మీ పక్కింట్లోనూ ఎక్కడినుంచో వచ్చినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల ఊరి వంట ఏదో ఒకటి మీకూ పెట్టే ఉంటారు...

మీరైనా తిన్నారా? చెప్పండి... వినాలనుంది.