కొత్తనీళ్ల ఆదివారం

కాలువ కట్టేసే రోజులవి, మా చిన్నప్పుడు... వేసవిలో నీళ్లు ఆపేస్తే అడుగున బురద ఎండి పలకలు పలకలుగా పగిలేది. అక్కడక్కడా మడుగుల్లో మిగిలిన చేపల కోసం పిల్లలం తపేలాలు పట్టుకుని దిగేవాళ్లం.

ముమ్మిడివరం దగ్గర మా ఊరు. మా ప్రార్థన మందిరంలో బాప్తిస్మాలు జూన్‌లోనే... కాలువకి కొత్తనీళ్లు వదిలాక వచ్చే మొదటి ఆదివారం. "నేలంతా ఎండి, పగిలి, మళ్లీ తడుస్తుంది చూసేరా... మారుమనసంటే అదేనండి" అని మా పాస్టరు అయ్యగారు ఏటా చెప్పేవారు. నేను ఆ మాట నిజంగా నమ్మాను.

నాకు పదేళ్లప్పుడు, అలాంటి ఒక వేసవిలో మా కరుణత్త కువైట్ నుంచి వచ్చింది. నాన్నగారి చెల్లెలు. మూడేళ్లు అక్కడ ఎవరింట్లోనో వంటపని చేసింది. ఆమె వెళ్లకముందే మామయ్య ఆమెని వదిలేసి ఇంకొకావిడతో కాపురం పెట్టాడు. కువైట్‌లో అత్త కూడా ఒక డ్రైవరుతో కలిసి ఉందని, అతను మన మతం కాదని, ఆమెకంటే ముందే ఊళ్లోకి కబురొచ్చింది.

అత్త దాచలేదు. తిన్నగా అయ్యగారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పింది. నన్ను తోడు తీసుకెళ్లింది కాబట్టి నాకు తెలుసు...

"అదంతా వదిలేసి వచ్చేనండి. నేనింకా బాప్తిస్మం తీసుకోలేదండి. ఇప్పుడిస్తారా అండీ?"

"కొత్తనీళ్లు రానీయమ్మా. అందరితోపాటే నీకూ ఇస్తాను" అన్నారు అయ్యగారు.

"ఆయ్, అలాగేనండి" అంది అత్త. తిరిగొస్తూ దారంతా ఏడ్చింది. ఆ ఏడుపు చూస్తే నాకు భయం వెయ్యలేదు.

తెల్లచీర ఒకటి కొని, గంజి పెట్టి, ట్రంకు పెట్టెలో దాచుకుంది. ఆమెకి చదువు అంతంతమాత్రం... పొద్దుటే నన్ను లేపి వాక్యం చదివించుకునేది. నేను తడబడితే ఓపిగ్గా ఆగేది.

నీళ్లొచ్చిన రోజు పిల్లలమంతా గట్టుమీద నీటితోపాటు పరిగెత్తాం. ఎర్రటి నీళ్లు, ముందు నురగ, ఎండిన కొబ్బరి మట్టలు... ముప్ఫై ఏళ్ల మనిషి, అత్త కూడా మాతో పరిగెత్తింది. చూసినవాళ్లు నవ్వుకున్నారు.

ఆదివారం గట్టుమీద సంఘమంతా చేరింది. తెల్లబట్టలతో ఐదుగురు వరసలో నిలబడ్డారు... అత్త చివర. నలుగురికీ అయింది. అత్త మోకాలి లోతుకి దిగింది. అప్పుడు మా నాన్నగారు ముందుకొచ్చారు. ఆయన బడిపంతులు, సంఘపెద్ద.

"అయ్యగారూ, ఆవిడకి మాత్రం వద్దండి. అందరిళ్లలోనూ ఆడపిల్లలున్నారు. రేపు వాళ్లకేం చెప్తామండి?"

సొంత చెల్లెల్ని 'ఆవిడ' అన్నారు.

అయ్యగారు నడుంలోతు నీళ్లలో నిలబడి తల దించుకున్నారు. మామయ్య కూడా అక్కడే ఉన్నాడు... ఇంకొకావిడతో కాపురం చేస్తూనే ప్రతి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకునేవాడు. అతన్ని ఎవరూ ఏనాడూ ఆపలేదు.

అత్త గట్టెక్కింది. కుచ్చిళ్ల నిండా బురద. నా ముందు ఆగి చెయ్యి చాపింది.

"రావే అమ్మడూ, ఇంటికెళ్దాం."

నేను నాన్నగారి వైపు చూశాను. మెల్లిగా అమ్మ వెనక్కి తప్పుకున్నాను.

అత్త ఒక్కతే వెళ్లింది. నెల తిరక్కుండా మళ్లీ కువైట్ విమానం ఎక్కేసింది. ఇరవై ఏళ్లకు పైగా ఊరి ముఖం చూడలేదు. నాన్నగారు పోయినప్పుడు కూడా రాలేదు.

నిరుడు వచ్చింది. అమలాపురంలో అద్దెగదిలో ఉంటోంది. చూడ్డానికి వెళ్లాను.

"ఆ రోజు నీ చెయ్యి పట్టుకోవలసింది అత్తా" అన్నాను. ఇన్నేళ్లూ గొంతులోనే ఉండిపోయిన మాట అది.

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. "పదేళ్ల పిల్లవి, నువ్వేం చేస్తావే" అంది. "మీ నాన్న సంగతీ వదిలెయ్యి. పరువు మనిషి, అంతే. అయ్యగారున్నారు చూడు... నేను అన్నీ వదిలేసి వచ్చేనని ఆయనకి తెలుసు. తెలిసి కూడా తల దించేసుకున్నారు. అదే మర్చిపోలేకపోతున్నాను."

"ఇప్పుడైనా తీసుకోవచ్చు కదా... నాకు తెలిసిన పాస్టరు గారున్నారు."

"వద్దే. దేవుడి మీద నాకేం కోపం లేదు. మళ్లీ జనం ముందు తడిచీరతో నిలబడే ఓపిక లేదు."

నేనూ చేట దగ్గరికి జరిగి బియ్యం ఏరడం మొదలుపెట్టాను...

మా ఊళ్లో మందిరం కొత్తగా కట్టారు. శిలాఫలకం మీద నాన్నగారి పేరుంది. లోపలే టైల్స్ వేసిన తొట్టి... కుళాయి తిప్పితే నీళ్లు. ఏ నెలలోనైనా బాప్తిస్మం ఇస్తారు, ఎవరూ ఏ కాలం కోసమూ ఎదురుచూడక్కర్లేదు. కాలువలోకి ఇప్పుడు రొయ్యల చెరువుల మురుగు వదులుతున్నారు, దిగేట్టు లేదు. అంతా సౌకర్యంగానే ఉంది...

మారినవాళ్ల సాక్ష్యాలు మనం చాలా విన్నాం. మారి వచ్చినా గట్టుమీంచే వెనక్కి పంపేసిన మనిషి మీ ఊళ్లో ఎవరైనా ఉన్నారా... ఉంటే కింద రాయండి. ఆ రోజు మీరు ఎవరి పక్కన ఉన్నారో, అది కూడా.